ఎవరి రోగిని వారే తెచ్చుకోవలెను

అత్యవసర వైద్య సహాయకుల శిక్షణ సంస్థ ఆ ఏడాది విడుదల చేసిన ప్రవేశ ప్రకటనలో పదో నిబంధన ఏమిటంటే, పెన్ను, అట్ట ఎవరివి వారే తెచ్చుకోవాలి. పదకొండో నిబంధన, రోగిని కూడా ఎవరికి వారే తెచ్చుకోవాలి. పదోదాని వెనకాలే రావడం వల్ల కాబోలు, పదకొండోది ఎవరికీ వింతగా తోచలేదు. పరీక్షకు పోయేవాడు ఒక చేత్తో పెన్ను పట్టుకుపోతాడు, రెండో చేత్తో రోగిని పట్టుకుపోతాడు, అందులో ఏముంది అనుకున్నారు. మన జనానికి ఏ మాటైనా అచ్చులో కనబడితే చాలు, అందులో ఎక్కడో ఒకచోట న్యాయం ఉండే ఉంటుందని నమ్ముతారు.

సంస్థవారిని అనడానికీ లేదు. అంబులెన్సులో వచ్చి, ఆసుపత్రికి చేరేదాకా మనిషి ప్రాణం నిలబెట్టేవాళ్లను తయారుచేసే సంస్థ అది. నేర్చుకోవడానికి రోగులు కావాలి కదా అని అంతకుముందు విదేశాల నుంచి రబ్బరు బొమ్మలు తెప్పించారు. గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో విద్యార్థులు వాటి మీద నేర్చుకునేవాళ్లు. నొక్కగా నొక్కగా ఒక బొమ్మ ఛాతీ సొట్టపోయింది. ఆడిటువారు వచ్చి చూసి, ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగిందని అభ్యంతరం రాసిపోయారు. ఆ మర్నాడే బొమ్మలన్నిటినీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటి నుంచి వాటిని ముట్టుకున్నవాడు లేడు, దసరాకు ఆయుధ పూజనాడు బీరువాకు బొట్టు పెట్టడం తప్ప.

ఇక బొమ్మలు లేకుండా శిక్షణ ఎలాగని సంస్థ సంచాలకులు పరాంకుశంగారు తలపట్టుకుని కూర్చుంటే, ఆ తలకు తట్టిందే పదకొండో నిబంధన. బొమ్మ సొట్టపోతే ఆడిటు అభ్యంతరం వస్తుంది, మనిషి సొట్టపోతే రాదు. పైగా మనిషిని కొనక్కర్లేదు, బీరువా అక్కర్లేదు, ఇంటి దగ్గర్నుంచి తనే నడిచి వస్తాడు. ఈ మాటలన్నీ పరాంకుశంగారు మీటింగులో అన్నప్పుడు అందరూ బల్లలు చరిచారని చెప్పుకున్నారు.

ఈ ప్రకటన చూసి సంబరపడిన వాళ్లలో చినలంక నుంచి నాగసుధ ఒకతి. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. ఊళ్లో అందరూ నర్సింగుకు పొమ్మన్నారు, కొందరు డిగ్రీ అన్నారు, కొందరు పెళ్లి అన్నారు. సుధకు మాత్రం అంబులెన్సే కావాలి. దానికి కారణం వాళ్ల నాన్న. ఆయన చేపల చెరువు మీద కాపలా. నీళ్లల్లో గాలి తిప్పే మోటారు వైరు తెగి ఒకసారి ఆయనకు కరెంటు కొట్టింది. గట్టు మీద పడిపోయిన మనిషి అరికాళ్లకు జనం ఇసక రుద్దుతుంటే, అంబులెన్సులోంచి నీలం చొక్కా వేసుకున్న ఒకావిడ దిగి, అందర్నీ అటూ ఇటూ తోసేసి, ఆయన గుండెల మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నాన్న దగ్గాడు. ఆ దగ్గు సుధ చెవిలోంచి ఇంతవరకూ పోలేదు. తాను కూడా ఆ నీలం చొక్కా వేసుకోవాలని, ఎవరి నాన్నకో అలా దగ్గు తెప్పించాలని ఆ పిల్ల కోరిక. అంతకన్నా పెద్ద కోరికలేవీ లేవు పాపం.

చదువు ఉంది, మార్కులున్నాయి. లేనిదల్లా రోగి.

ఆ వేసవిలో జిల్లాలో రోగులకు వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. ఎప్పుడూ మూల మంచంలో దగ్గుతూ పడుండే ముసలాళ్లను కొడుకులు వరండాలోకి తెచ్చి, నలుగురికీ కనబడేలా కూర్చోబెట్టారు. ఆస్పత్రి గేటు దగ్గర అభ్యర్థులు కాపుకాసి, లోపలికి పోయేవాళ్లను "ఏం జబ్బండీ" అని మర్యాదగా పలకరించేవాళ్లు. మొదట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు పిలవగానే వచ్చేవాళ్లు. పోనుపోను వాళ్లకూ బింకం పెరిగింది. కారులో తీసుకుపోతావా, బస్సులోనా అని అడగడం మొదలుపెట్టారు. పక్కూళ్లో ఆయాసం ఉన్న ఒకాయన ముందు ఒప్పుకుని, ఆనక ఇంకెవరో బిర్యానీ పెట్టిస్తామంటే వాళ్లతో పోయాడు. ఆయన కోసం సుధ రోజూ మజ్జిగ పట్టుకుపోయింది. అదంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

అప్పుడు మేనత్త పేరంటాలు ముందుకొచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉంటోంది. బస్తా ధాన్యం ఒక్కతే గాదె దగ్గరకు లాక్కుపోగలదు. తుమ్మితే చెరువు గట్టు మీది కొంగలు లేస్తాయి. ఆ మనిషిని రోగి అంటే నమ్మేవాడు రోగం అంటే తెలియనివాడై ఉండాలి. అయినా మేనకోడలు దిగులుగా అన్నం మానేసి కూర్చోవడం ఆవిడ చూడలేకపోయింది.

"ఎవడి కాళ్లో పట్టుకునేదేందే కోడలా," అంది. "నా కాళ్లే పీకుతున్నయ్ కదా రోజూ. నన్ను తీసకపో."

దరఖాస్తు ఇవ్వడానికి ఇద్దరూ బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయారు. అక్కడ తెలిసింది, అభ్యర్థికి ఎన్ని అర్హతలుండాలో రోగికి అంతకన్నా ఎక్కువ ఉండాలని. రోగి అర్హతల పరిశీలన సంఘం అని వేరే గది, వేరే బోర్డు. రోగి స్థానికుడై ఉండాలి. గడచిన ఆరు నెలలుగా విరామం లేకుండా జబ్బుపడి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది పద్నాలుగో నిబంధన: శిక్షణ పూర్తయ్యేవరకూ రోగి కోలుకోరాదు. కోలుకున్న యెడల అభ్యర్థి సీటు రద్దగును. ఒక కుర్రాడు తన రోగికి షుగరు అదుపులోకి వచ్చిందని రిపోర్టు చూసి అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. అది తెలిసి మిగతావాళ్లు మర్నాటి నుంచి తమ తమ షుగరు రోగులకు పొద్దున్నే పూతరేకులు తినిపించడం మొదలుపెట్టారు.

గుమాస్తా పేరంటాలు సంచి విప్పించాడు. ఆవిడ జీవితంలో ఏ కాగితాన్నీ పారేసిన మనిషి కాదు. సంచిలోంచి రేషను కార్డులు రకానికొకటి, అయిదో తరగతి సర్టిఫికెట్టు, ఎప్పుడో పోలియో చుక్కల కార్యక్రమంలో సాయం చేసినందుకు ఇచ్చిన ప్రశంసా పత్రం, లామినేషన్ చేయించినది, వరసగా బయటికొచ్చాయి. గుమాస్తా ఆ లామినేషన్ మీద వేలు రాసి, కళ్లకు అద్దుకున్నంత పని చేశాడు.

"వైద్య రంగంలో అనుభవం," అన్నాడు పక్కవాడితో.

సంస్థలో చేరడానికి దారులు రెండున్నాయని అప్పుడే చెప్పాడు. ఒకటి చదువు మార్గం, దానికి ఇంటర్ కావాలి, వయసు మించకూడదు. రెండోది అనుభవ మార్గం, దానికి చదువూ వయసూ అడ్డుకావు, అనుభవం ఉంటే చాలు. అనుభవ మార్గంలో ఇంతవరకూ ఒక్కరూ చేరలేదట, ఎందుకంటే శిక్షణ లేనివాణ్ణి ఎవరూ రోగిని ముట్టుకోనివ్వరు, ముట్టుకోనిదే అనుభవం రాదు. ఆ మార్గం అలా శుభ్రంగా, అడుగు పడకుండా ఉందని గుమాస్తా గర్వంగా అన్నాడు. తాను చదువు మార్గమనీ, అత్త కేవలం రోగి అనీ సుధ చెప్పింది. అత్త కాళ్లు పీకబట్టి ఆరు నెలలు దాటిందని తేల్చుకుని, అలాగే రాసుకుంటానన్నాడు.

పరీక్ష సంస్థ ఆవరణలో పెట్టారు. రోగులు బలహీనులు కాబట్టి వాళ్లకు షామియానా, కుర్చీలు, టేబుల్ ఫ్యాన్లు, మధ్య మధ్య మజ్జిగ. అభ్యర్థులు దృఢంగా ఉండాలి కాబట్టి వాళ్లకు ఎండ. సుధ పొద్దున భయంతో ఏమీ తినలేదు. తన కోసం తెచ్చుకున్న పులిహోర కూడా అత్తకే పెట్టింది, రోగి నీరసపడితే మొదటికే మోసమని. పేరంటాలు రెండు డబ్బాలూ ఖాళీచేసి, ఫ్యాను కింద కాళ్లు చాపుకుని, పక్క కుర్చీలో ఉన్న ఉబ్బసం ఆయనతో వియ్యాలవారి సంగతులు మాట్లాడుతోంది.

పరీక్షకులు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. వరసలో సుధ వంతు రాబోతుండగా ఆ పిల్లకు కళ్లముందు చీకట్లు కమ్మాయి. గుడ్డ జారినట్టు నేల మీదికి జారిపోయింది.

పేరంటాలు కుర్చీలోంచి లేచిన లేవడం చూసి ఉబ్బసం ఆయనకు ఆయాసం వచ్చింది. ఆవిడ పరుగున వచ్చి, బొడ్లోంచి తాళాల గుత్తి లాగి సుధ చేతిలో కుక్కింది. ఎడమ చెంప మీద ఒకటి, కుడి చెంప మీద ఒకటి వేసింది. ఉల్లిపాయ తెమ్మని కేకేసింది. ఎవరో ఇచ్చిన నీళ్ల సీసా మూత తీసి పిల్ల నోట్లో పొయ్యబోయింది. సరిగ్గా అప్పుడే పరీక్షకుడు మార్కుల అట్టతో అక్కడికి చేరాడు. ఆయన చేతిలోని సూచనల ప్రకారం, నిలబడినవారిని అభ్యర్థిగాను, పడుకున్నవారిని రోగిగాను గుర్తించవలెను. ఆయన గుర్తించాడు.

సుధకు స్పృహ వస్తోంది. చేతిలో తాళాలు, చెంపల మీద మంట, పైన సీసా. పుస్తకంలో చదివినదంతా గుర్తొచ్చింది. "అత్తా, నోట్లో నీళ్లు పొయ్యమాకు, పొరబోయిద్ది," అంది నీరసంగా. "తాళాలు తీసెయ్. నీడకి జరిపి కాళ్లు ఎత్తిపట్టు."

"రోగి మాట్లాడరాదు," అన్నాడు పరీక్షకుడు.

తాను అభ్యర్థినని సుధ చెప్పబోయింది. రోగికి అయోమయ లక్షణాలు అని ఆయన రాసుకున్నాడు. పేరంటాలు మాత్రం కోడలు చెప్పింది చెప్పినట్టు చేసింది. నీడకు లాగింది, కాళ్లు ఎత్తి తన ఒడిలో పెట్టుకుంది, పైట కొంగుతో విసిరింది. సుధ లేచి కూర్చుంది. రోగి సలహాను కూడా గౌరవించు స్వభావము, చురుకుదనము, దేహబలము అని మూడు వరసల్లో మార్కులు వేసి, పరీక్షకుడు పక్కవాడి దగ్గరకు వెళ్లాడు.

ఫలితాల్లో మొదటి పేరు పేరంటాలుది. అనుభవ మార్గం, ప్రథమ స్థానం. సుధ పేరు కూడా ఉంది, పక్క గడిలో, రోగి అని.

ఇద్దరూ పరాంకుశంగారి దగ్గరకు వెళ్లారు. ఆయన గదిలో వెనకాల అద్దాల బీరువా, అందులో బొమ్మలు, బొమ్మల ముందు ఆయన. మనుషులెవరో బొమ్మలెవరో గుమ్మం దగ్గర్నుంచి చప్పున తెలియదు. ఆయన అంతా ఓపికగా విన్నాడు.

"పరీక్షనాడు నువ్వు పడిపోయిన మాట వాస్తవమా కాదా?" అని అడిగాడు.

"వాస్తవమే సార్. ఎండకి."

"కారణం అప్రస్తుతం. పడుట జరిగినది, లేపుట జరిగినది. లేపినవారికి సీటు ఇవ్వడమైనది. పడినవారికి ఇస్తే రేపు రోడ్డు మీద పరిస్థితి ఏమిటో నువ్వే ఆలోచించమ్మా."

ఆలోచిస్తే ఆ మాటలో తప్పు దొరకదు. అదే సుధకు కడుపు రగిలించింది. పోనీ వచ్చే ఏడు మళ్లీ రాస్తానంది. రాయొచ్చుగానీ, ప్రస్తుతం సంస్థ లెక్కల్లో ఆమె రోగి, కాబట్టి కోలుకున్నట్టు ధ్రువపత్రం తేవాలన్నాడాయన. అది తెస్తే పద్నాలుగో నిబంధన ప్రకారం అత్త సీటు రద్దవుతుందని కూడా గుర్తుచేశాడు. అలా రద్దు చేయించిన రోగులను సంస్థ మళ్లీ ఏ మార్గంలోనూ తీసుకోదట.

"ఈ పాడు సీటు నాకెందుకే, ఆయన మొహానే కొడదాం," అంది పేరంటాలు బయటికొచ్చి. నిజంగానే వెనక్కి తిరిగింది కూడా. సుధ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, సంస్థ మెట్ల మీద కూర్చుని కరువుతీరా ఏడ్చింది. నాన్నను బతికించినావిడ గుర్తొచ్చింది. ఆవిడను ఎవరైనా ఏ మార్గంలో వచ్చావని అడిగారా అనిపించింది. ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకుంటుంటే ఎదురుగా గోడ మీద అతికించిన నిబంధనల కాగితం కనబడింది. ఖాళీగా ఉండి చదివితే ఇరవై ఒకటోది తగిలింది: బొమ్మలు తాకరాదు గనుక, ప్రతి విద్యార్థి తన రోగిని రోజూ తరగతికి తీసుకురావలెను.

సుధ లేచి నిలబడింది. "అత్తా, నువ్వు చేరు," అంది.

ఆ విధంగా నాగసుధ శిక్షణ మంచం మీద పడుకుని సాగింది. మిగతా రోగులు వెనక వరసల్లో నిద్రపోయేవాళ్లు. సుధ తన మంచం లెక్చరరు బల్ల ముందే వేయించుకుంది. లెక్చరరు చెప్పే ప్రతి ముక్కా వింది. రక్తం కారుతుంటే ఎక్కడ నొక్కాలో, విరిగిన ఎముకను కదలకుండా ఎలా కట్టాలో, తన ఒంటి మీదే చేసి చూపిస్తుంటే ఒళ్లంతా చదువుగా నేర్చుకుంది. ఒకసారి లెక్చరరు గుండె ఎక్కడ నొక్కాలో విద్యార్థులను అడిగితే ఒక్కరూ చెప్పలేదు. సుధ పడుకునే చెప్పింది. రోగులను ప్రశ్న అడగలేదని ఆయన కసిరాడు. సాయంత్రాలు ఇంటికొచ్చి అదే పాఠం అత్తకు చదివి వినిపించేది. పేరంటాలు శ్రద్ధగానే వినేది. తాళాలు చేతిలో కుక్కడం మానేసింది గానీ, బొడ్లోంచి మాత్రం తియ్యలేదు. ఉంటే నష్టమేంటని ఆవిడ వాదన.

ఆఖరి పరీక్షలో అత్త వంగి కట్టు కడుతుంటే సుధ పెదవులు కదపకుండా ఒక్కొక్కటీ చెప్పింది. రోగితో సత్సంబంధాలు అన్న చోట పేరంటాలుకు పూర్తి మార్కులు వచ్చాయి. పట్టా ఇచ్చిన సభలో పరాంకుశంగారు, సుదీర్ఘ కాలము కోలుకొనక సంస్థకు సహకరించినందుకు నాగసుధకు ఉత్తమ రోగి జ్ఞాపిక ఇచ్చి, ఆమె ఇలాగే ఉండాలని ఆశీర్వదించారు.

పేరంటాలుకు చినలంక వైపు తిరిగే అంబులెన్సులో ఉద్యోగం వచ్చింది. నీలం చొక్కా ఇచ్చారు. చీర మీదే తొడుక్కుంది. తొలిరోజు బండి మెట్టు మీదే ఆగి, కోడలి వైపు తిరిగింది. ఒక్కదాన్నే పోలేను, నువ్వూ రా అంది. బండిలో డ్రైవరు, సహాయకురాలు, రోగి తప్ప ఎవరూ ఎక్కకూడదని డ్రైవరు అన్నాడు. నిబంధనలంటే ఇప్పుడు అత్తాకోడళ్లకు భయం పోయింది. సుధ వెళ్లి స్ట్రెచరు మీద పడుకుని, పట్టీ తనే బిగించుకుంది. డ్రైవరు అటు చూసి, ఇటు చూసి, బండి తీశాడు. ఆ రోజు నుంచి సుధ రోజూ ఉద్యోగానికి పడుకునే పోయింది.

వానాకాలం మొదట్లో చేపల చెరువుల దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. కరెంటు కొట్టిందన్నారు. బండి గట్టు మీద ఆగేసరికి నడివయసు మనిషి ఒకడు బురదలో వెల్లకిలా ఉన్నాడు. జనం అరికాళ్లకు ఇసక రుద్దుతున్నారు. సుధ పట్టీ విప్పుకుని దూకింది. కరెంటు తీశారా లేదా అని గట్టిగా అడిగింది, తీశామన్నారు. అందర్నీ పక్కకు తోసి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ అతని గుండెల మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. చేతులు లాగేస్తుంటే పేరంటాలు అందుకుంది. బస్తాలు లాగిన చేతులు మరి. అత్త అలిస్తే కోడలు, కోడలు అలిస్తే అత్త. అతని పెళ్లాం చెరువు వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది, చూడలేక.

ఆ మనిషి దగ్గాడు.

సుధ వెక్కి వెక్కి ఏడ్చింది, చేతులు మాత్రం అతని నాడి మీదనే ఉంచింది. పనైపోయాక ఏడవ్వే అని పేరంటాలు కసిరితే, పని చేస్తూనే ఏడుస్తున్నా కదా అంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు అతణ్ణి లోపలికి తోసుకుపోయాక, రిజిస్టరు ముందు కూర్చున్న గుమాస్తా తలెత్తకుండా, ఈ బండిలో వచ్చిన రోగి ఎవరని అడిగాడు. సుధ నుదుటి మీది బురద తుడుచుకుంటూ, నేనే అంది. మరి లోపలికి పోయినాయన ఎవరన్నాడు.

"మా పిల్లకి తోడొచ్చాడు నాయనా," అంది పేరంటాలు.

వెనకాలే ఆటోలో వచ్చిన అతని పెళ్లాం బల్ల మీద కూర్చుని ఇదంతా వింది. సుధను పైనుంచి కిందిదాకా చూసింది. తన మొగుడి గుండెల మీద ఆ చేతులు ఎంత బలంగా పడ్డాయో గట్టు మీద అందరూ చెప్పారు ఆవిడకు. ఏమీ అర్థం కాక, పేరంటాలుకు దగ్గరగా జరిగి మెల్లిగా అడిగింది.

"ఆ అమ్మాయికి ఏం జబ్బమ్మా?"

"అర్హత లేదమ్మా," అంది పేరంటాలు, నీలం చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "ఆఫీసులో అంటుకుంది. మందు లేదంటున్నారు."

ఆవిడ అయ్యో అని, సుధ చెయ్యి పట్టుకుని, తన మొగుడు లేచి తిరిగాక చినలంక అమ్మవారికి ఆమె పేరున కూడా కొబ్బరికాయ కొట్టిస్తానని మాటిచ్చింది. బయట డ్రైవరు హారను కొట్టాడు, ఇంకెక్కడినుంచో పిలుపు వచ్చినట్టుంది. సుధ గబగబా పోయి స్ట్రెచరు మీద పడుకుంది.